చేనేతయు చేతిఫోనును

కొనువారి వ్రేళ్ళకును అమ్మువారి నాలుకకును నడుమ జరిగెడి సంభాషణమే తరతరములుగా వస్త్రవ్యాపార మనిపించుకొన్నది. చీరల మూటను భుజమున వేసికొని వచ్చిన నేతగాడు అరుగుమీద దానిని విప్పును. ఇల్లాలు మాటాడుటకు ముందు తాకి చూచును. చెంగును రెండు వ్రేళ్ళ నడుమ నలుపును, వెలుతురునకు ఎత్తిపట్టి పోగుల యొత్తును పరీక్షించును, వెనుకకు త్రిప్పును. “అంచు చూడండమ్మా, రెండు వైపులా ఒకటే” అని యతడు. “అన్నిటికీ అదే అంటావు గాని, రంగు నిలుస్తుందా చెప్పు” అని యామె. ఆ బేరములలో అసత్యము దొరలనేలేదని చెప్పుటకు వీలులేదు. కాని యసత్యమును పట్టుకొనుటకు వ్రేళ్ళుండెను. మఱునాడు నిలదీయుటకు మనిషి యుండెను.

నేడు ఆ యరుగు గుప్పెటిలోని గాజుపలక యైనది. మంగళగిరి, పోచంపల్లి, ఉప్పాడ, వెంకటగిరి, గద్వాల మొదలగు నేతయూళ్ళలో మగ్గము ప్రక్కన చేతిఫోను కానవచ్చుట వింత గాదు. చీర మగ్గమునుండి దిగగనే దానిని పఱచి, ఛాయాచిత్రము తీసి, వాట్సాప్ గుంపులకును ఇన్‌స్టాగ్రామ్ పుటకును ఎక్కించుట యింటి పిల్లల నిత్యకృత్యములలో నొకటి యైనది. దీనిని చూచి “కళ అంగడి కెక్కినది” అని నిట్టూర్చు పెద్దమనుష్యులు కొందఱు కలరు. చీర యనునది యంగడికొఱకే పుట్టినదని వారు మఱచినారు. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనమునుబట్టి దేశమున 31 లక్షలకు పైబడిన చేనేత కుటుంబములు కలవు. అందు ఇంచుమించు మూడింట రెండు వంతుల కుటుంబముల నెలసరి రాబడి 5,000 రూపాయల లోపే. అట్టి యింటికి దళారి చేతిలో పోయెడి సొమ్ములో కొంతయైనను తిరిగి వచ్చినచో ఆక్షేపించుట కెవరికి నోరాడును?

2020 మార్చిలో మహమ్మారి కారణమున దేశమంతయు తలుపులు మూసికొన్నపుడు అంగళ్ళు లేవు, ప్రదర్శనలు లేవు, పెండ్లి బేరములు లేవు. నేసిన చీరలు ఇండ్లలోను సహకార సంఘముల గిడ్డంగులలోను పేరుకొనిపోయినవి. అప్పుడు ఎన్నో కుటుంబములకు దారి చూపినది ఈ గాజుపలకయే. హైదరాబాదులోని యుద్యోగినియు, డాలసులోని తెలుగింటి కోడలును నేతగానితో నేరుగ మాటాడి, ఫోనులోనే పైకము పంపి, చీర తెప్పించుకొనగలిగిరి. వాట్సాప్ సంస్థ చిన్న వర్తకులకని వేఱొక యుపకరణమును 2018లోనే వెలువరించి యుండుటచే దానికి దారియును సుగమమై యుండెను. కావున ఫోను పనికివచ్చునా రాదా యనునది వాదము గాదు; అది వచ్చినది, ఉండును. దానిలో నేతగాడు ఏమి పలుకుచున్నాడనునదే విచారింపదగిన విషయము.

ఈ యుపకరణముతోపాటు ఒక యుపదేశ వాఙ్మయము కూడ పుట్టినది. ప్రతిదినము ఒక చిత్రమైనను పెట్టవలెననియు, రీలు మొదలిడిన రెండు మూడు క్షణములలోనే చూపరిని పట్టుకొనవలెననియు, ఆ వారమున జనుల నోళ్ళలో నానుచున్న సినిమాపాటను వెనుక వినిపింపవలెననియు బోధించువారు కోకొల్లలు. ఈ బోధలు గంటకు వేయి సబ్బులు దిగు కార్ఖానాకు చక్కగ సరిపోవును. మగ్గమునకు సరిపోవు. మగ్గపు కాలము వేఱు.

పోచంపల్లి చీరనే తీసికొన్నచో, నేత మొదలగుటకు ముందే సగము పని గడచిపోవును. నూలును ఆసుపై పోయవలెను. నమూనా ననుసరించి గుర్తులు పెట్టవలెను. రంగు తగులగూడని తావుల గట్టిగ కట్లు కట్టవలెను. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, మఱొక రంగునకు మఱల కట్టవలెను. అటుపిమ్మట పడుగును సిద్ధపఱచి ఒక్కొక్క పోగును అతుకవలెను. అప్పటికిగాని నాడె కదలదు. ఆసు పోయుట యొక్కటే చీరకు వేలసారులు చేయి అటునిటు ఆడించెడి పని. తరములుగా ఆ భారమును స్త్రీల భుజములే మోసినవి. తల్లి భుజపునొప్పిని చూడలేక ఆసు యంత్రమును నిర్మించిన చింతకింది మల్లేశమునకు 2017లో పద్మశ్రీ లభించుట, 2019లో ఆయన కథ చలనచిత్రముగా వచ్చుట పాఠకు లెఱిగినదే. యంత్రము ఆసును తేలిక చేసినది. కట్లను, నేతను తేలిక చేయలేదు. ఒక పడుగున దిగునవి నాలుగైదు చీరలో ఆఱేడు చీరలో. ఒక్కొక్కటి దిగుటకు దినములు పట్టును.

ఇట్టి యింటికి ప్రతిదినము మేత వేయవలసిన యొక నోరు క్రొత్తగ తోడైనది. చూపుటకు క్రొత్త చీర లేదు. చూపనిచో పుట వెనుకబడిపోవును. అప్పుడు నేతగాడు నిన్నటి చీరనే మఱొక వెలుతురులో చూపును. తరువాత ప్రక్కయింటివారి చీరను చూపును; అందు తప్పులేదు, వీధియంతయు ఒక్క కులవృత్తి గదా! ఏదో యొకనాడు ఒక రీలు దేశమంతట ప్రాకును. రెండువందలమంది “అదే రంగు, అదే అంచు” అని యడుగుదురు. ఇంట నున్నవి నాలుగు. ఆ నూట తొంబదియాఱుగురిని వెనుకకు పంపుటకు మనసొప్పదు. “అచ్చం అలాంటిదే” యని ఎక్కడనో మరమగ్గముపై దిగిన చీర యొకటి ఇంటిలోనికి ప్రవేశించును. గమనింపవలసిన దేమనగా, ఈ మొదటి కల్ల దురాశవలన పుట్టినది గాదు. మగ్గపు నడకకును గాజుపలక నడకకును గల యంతరమునుండి పుట్టినది. వెనుకటి మూటల వర్తకునికి ఈ శోధన లేదు. మూటలో ఉన్నవే చీరలు. మూట ముగిసినచో “వచ్చే నెల వస్తాను తల్లీ” అని వెడలిపోవును.

పోనీ, కొనువారు కనిపెట్టగలరా? చేతికి వచ్చినచో కొంత కనిపెట్టవచ్చును. కట్టి రంగువేసిన నూలుతో నేసిన చీరకు రెండువైపులు ఒక్కతీరుననే యుండును. అచ్చు వేసిన యనుకరణమునకు సాధారణముగ వెనుకవైపు వెలవెలబోవును. చిటికి నేతలో రంగుకు రంగునకు నడుమ గీత కత్తితో కోసినట్లుండక, ఈక చివరవలె మెత్తగ చెదరియుండును. ఉప్పాడ జాందానీ బుటాను చేతితో పోగుపోగు చొప్పున ఎక్కించుటచే వెనుకను పనితనమే కనబడును; మరమగ్గపు బుటాకు వెనుక తెగిన పోగులు కుచ్చులుగ నిలిచియుండును. నేయునపుడు గుడ్డ ముడుచుకొనకుండ అంచులకు గ్రుచ్చి నిలిపెడి కఱ్ఱ వలన చేనేత గుడ్డకు అంచున సన్నని రంధ్రము లుండుట కలదు. ఇవన్నియు వ్రేళ్ళకును వెనుకవైపునకును సంబంధించిన సాక్ష్యములు. గాజుపలక ముందువైపునే చూపును. దానిని తాకినచో తగులునది గాజే. ఆపైని వెలుతురును రంగును మార్చెడి హంగులు ఫోనులోనే కలవు. అందు చేనేతయు మరనేతయు కవల పిల్లలు.

ప్రభుత్వ మూరకున్నదనుటకు లేదు. చీర మొదలుగా కొన్ని రకములను చేనేతకే కేటాయించుచు పార్లమెంటు 1985లో చట్టము చేసినది. నేడా జాబితాలో 11 రకములు కలవు. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. చేనేత ముద్ర 2006లో వెలసినది. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో గుర్తింపు లభించినది. కాని చట్టము గుడ్డను పట్టుకొనగలదు గాని బొమ్మను పట్టుకొనలేదు; ఎవరైనను ఏ చిత్రము క్రిందనైనను పోచంపల్లి యని వ్రాసికొనవచ్చును. నేతగాడు తీసిన ఛాయాచిత్రమునే దొంగిలించి దానిక్రింద తమ ధర వేసికొను వర్తకులును కలరు. క్రొత్త నమూనాను చూపినచో ఎవరో యచ్చువేయుదురని జంకి, అమ్ముడుపోవువఱకు దానిని దాచుకొను నేతగాండ్రును కలరు. ప్రకటన యొక్క ప్రయోజనము చూపుట. వీరికి చూపుటయే భయకారణ మైనది!

చూపునకు దొంగ యుండగా, స్పర్శకు చోటు లేకుండగా, నేతగానికి మిగిలిన దేమి? మాట. వ్రేళ్ళు చేసిన పనిని ఇకమీదట మాట చేయవలసి యున్నది. దురదృష్టమేమనగా ఆ మాటయే ఈ పుటలలో అన్నిటికంటె పేదగా నున్నది. “ప్యూర్ క్వాలిటీ”, “ట్రెండింగ్ కలెక్షన్”, “లిమిటెడ్ స్టాక్”, “ధరకు మెసేజి చేయండి” — ఈ నాలుగు మాటలును గద్వాల చీర క్రింద ఉన్నవి, మరమగ్గపు గుడ్డ క్రింద ఉన్నవి, చేతిసంచి క్రింద ఉన్నవి, నూనెసీసా క్రింద ఉన్నవి. ఏ సరకునకైనను సరిపోవు మాట ఏ సరకును గూర్చియు ఏమియు చెప్పదు. మరమగ్గపు వర్తకుడు ఆ మాటలను నేతగానికంటె బిగ్గఱగ పలుకగలడు. అందులకు కావలసిన పైకమును వానియొద్దనే యున్నది. తనది కాని భాషలో పోటీకి దిగి నేతగాడు ఓడుచున్నాడు.

వాని సొంత భాష యెట్టిదో మగ్గము చెంత ఒక గడియ కూర్చున్నవారికి తెలియును. పడుగు, పేక, అచ్చు, నాడె, కండె, ఆసు, చిటికి — పుస్తకముల అవసరము లేకయే ఆ యింటి పసివానికి సైతము ఈ పదములు వచ్చును. ఈ చీర పడుగు ఏ నెంబరు నూలు, పేక ఏది, జరీ వెండిదా ఉత్తదా, రంగు ఎన్నిమార్లు ముంచినది, ఎవరు కట్లు కట్టినది, ఎవరు నేసినది, ఎన్నినాళ్ళు పట్టినది, మొదటి యుతుకున రంగు కొంచెము వదలునా లేదా — ఇవి చెప్పుటకు కవిత్వ మక్కఱలేదు. చెప్పుటకు నేసియుండిన చాలును. నేయనివాడు పదివాక్యములలో ఎక్కడనో తొట్రుపడును. అచ్చువేయువాడు నమూనాను దొంగిలించగలడు గాని, ఏడవనాటి సాయంకాలమున పడుగు పోగు తెగి అతికిన వైనమును ఎక్కడనుండి తెచ్చును?

తెలుగు సాహిత్యమున వర్తకుని పొగడిన వాక్కునకు మేలైన యుదాహరణ మొకటి కలదు. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది రాజునకు గాదు, అవచి తిప్పయసెట్టి యను వర్తకునికి. ఆ సెట్టి సంపదను వర్ణించు సందర్భమున కవిసార్వభౌముడు “మేలైన సరకులు పెక్కులు తెచ్చెను” అని సరిపుచ్చలేదు. ఏనుగులు సింహళమునుండి, గుఱ్ఱములు హురుముంజినుండి, పట్టుబట్టలు చీనానుండి యని ప్రతి సరకునకు దాని యూరు చెప్పినాడు. అంతకు ముందే పాల్కురికి సోమనాథుడు తన కాలపు వస్త్రముల పేర్లను ఒక బారుగ ఏకరువు పెట్టినాడు. ఆ వస్త్రములలో అనేకము నేడు ఎట్టివో తెలియదు, పేర్లు మాత్రము నిలిచినవి. బొమ్మలేని కాలమున పేరే సరకును నిలిపినదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? బొమ్మలు పొంగి పొరలుచున్న యీ కాలమునను పరిస్థితి మఱొక దారిని అచటికే వచ్చినది.

దీనికి రెండు ఆక్షేపణలు వినవచ్చును. మొదటిది, ఎవరు చదువుదురు? వ్రేలితో చిత్రములను పైకి త్రోయుచు పోవు జనము పది పంక్తులకు ఆగుదురా? చాలమంది ఆగరు, నిజమే. కాని వేలకొలది రూపాయలు పోసి నిజమైన చీర కొనదలచినవారు ఆగుదురు. నాలుగు చీరలు గల యింటికి నలుగురే చాలును, లక్షమంది యెందులకు? అదియునుగాక ఫోనులో కన్నుతోపాటు చెవియును కలదు. సినిమాపాట తీసివేసి ఆ తావున నేతగాని గొంతు, మగ్గపు చప్పుడు వినిపించినచో వ్రాత రానివారికిని ప్రకటన సిద్ధించును. రెండవ యాక్షేపణ, తెలుగు మాటలు బెంగుళూరివారికిని బొంబాయివారికిని ఏమి తెలియుననునది. అర్థమును వారి భాషలో చెప్పవలసినదే. పేరును మాత్రము విడువనక్కఱలేదు. ఇకత్ అను మాట ఎచ్చటిది? కట్టుట యను నర్థమిచ్చు మలయు ధాతువునుండి పుట్టి లోకమంతట వ్యాపించినది. మలయు మాటను నేర్చుకొన్న లోకము చిటికి యను మూడక్షరములను నేర్చుకొనలేక పోదు. పోచంపల్లివారే తమ పనిని పరుల పేరుతో పిలుచుకొనుచుండుట చిత్రము.

ఇక ఈ యంగడి నిలిచియున్న నేల ఎవరిది? అది నేతగానిది కాదు. అతని చిత్రమును ఎందఱికి చూపవలెనో, ఎవరికి దాచవలెనో నిర్ణయించునది సముద్రమున కావలి సంస్థ. మొదట ఊరక చూపి, అలవాటు పడిన పిదప చూపుటకు రుసుమడుగుట దాని వాడుక. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము టిక్‌టాక్‌తో కలిపి 59 చీనా యాప్‌లను నిషేధించినపుడు, దానిపై వేలకొలది చూపరులను కూడబెట్టుకొన్న చిన్న వర్తకుల యాస్తి యొక్కపెట్టున ఆవిరి యైపోయినది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడును ఇంచుమించు ఆఱు గంటలు మూగవోయినవి. ఈ దేశమున అది రాత్రివేళ కావుననే నష్టము తెలియలేదు. మూడింటికిని యజమాని యొక్కడే యగుట ఆనాడు చాలమందికి తెలిసివచ్చినది.

1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు సంగీతసభలలో దానిని ఉచితముగ పంచి జనుల కలవాటు చేసినట్లు ప్రసిద్ధి. ఆయన 1908లో ఆంధ్రపత్రికను స్థాపించినది నొప్పిమందు అమ్ముకొనుటకు కాదు. అయినను తన మాటను లోకమునకు చెప్పుటకు తన యచ్చుయంత్రమే తనకుండెను. నేటి నేతగాడు పత్రిక పెట్టలేడు. ఒక ఖాతాపుస్తకము మాత్రము పెట్టగలడు. కొన్నవారి పేరు, ఊరు, ఫోను నెంబరు, వారు కొన్న చీర రంగు, వారింట జరుగనున్న పెండ్లి — ఇవి తన చేతివ్రాతతో తన యింట నున్నచో ఏ సంస్థ తలుపు మూసినను బేరము మూతపడదు. పాత మూటల వర్తకుని తలలో ఈ పుస్తకమే యుండెడిది.

పైకము పుచ్చుకొని పరుల సరకును పొగడు ప్రసిద్ధుల సంగతి ఇచట పెంచనక్కఱలేదు. పైకము ముట్టినదని చూపరులకు తెలుపవలెనని కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో వారికి నియమములు వెలువరించినది. నియమమును పాటించినను పాటింపకున్నను, ఒక్క గంట చీర కట్టుకొని ఫోను ఎదుట నిలిచిన వ్యక్తికి పేరు వచ్చుచున్నది. దానిని నేసిన వ్యక్తి పేరు లేదు. 2016 ఆగస్టులో చేనేత దినోత్సవ సందర్భమున నాటి జౌళిశాఖామాత్యురాలు స్మృతి ఇరానీ “ఐ వేర్ హ్యాండ్లూమ్” అను పిలుపునిచ్చినపుడు సినిమాతారలు మొదలు అధికారులవఱకు తమ చీరల చిత్రములను ప్రకటించుకొనిరి. దానివలన చేనేతకు గౌరవము పెరిగినమాట నిజము. కట్టినవారి పేరే గాని నేసినవారి పేరు గల చిత్రములు అందెన్ని?

ఇచటనే అన్నిటికంటె కఠినమైన సంగతి యున్నది. పైని చెప్పిన సలహాలన్నియు చీర తనదైన నేతగానికే. ఎందఱో నేతపనివారికి చీర తమది కాదు. నూలు ఆసామిది, పట్టు ఆసామిది, జరీ ఆసామిది, నమూనాయు ఆసామిదే. వీరు నేసి కూలి పుచ్చుకొందురు. నూలుకు పెట్టుబడి లేనివాని చేతిలో ఫోను ఉండియు లేనట్లే; తాను నేసిన చీరను అమ్మునట్లు చిత్రము పెట్టినచో మఱునాడు మగ్గమునకు పడుగే రాదు. ఆసామి ఫోనులో చీర వెలిగిపోవుచుండగా గుంటమగ్గములోని మనిషికి ఆ వెలుగు సోకదు. ఫోను వచ్చినంతనే దళారి తొలగెనని సంబరపడుటకు వీలులేకుండ, కొన్నిచోట్ల దళారియే ఫోను పట్టుకొని నిలిచినాడు.

ఈ చిక్కును విప్పగల శక్తి సహకార సంఘములకు ఇంకను కొంత కలదు. చీర సంఘముదైనను దానిపై పేరు నేసినవారిదిగా నుంచుట కష్టమైన పనిగాదు. సంఘపు పుటలో ప్రతి చీరకు ముందువైపు చిత్రముతోపాటు వెనుకవైపు చిత్రమును, నేసిన మనిషి పేరును, ఊరును, పట్టిన దినముల లెక్కయు వేయుటకు అదనముగ అగు వ్యయము ఏమియు లేదు. కావలసినది గుమాస్తాకు ఒక యాజ్ఞ. అది వచ్చువఱకు కొనువారైనను ఒక చిన్న పని చేయవచ్చును. “ధర ఎంత?” అని వ్రాయుటకు ముందు “వెనుకవైపు ఒకసారి చూపండి, ఎవరు నేశారు?” అని అడుగవచ్చును. నేసిన యింటివారైనచో చీర ప్రక్కనే యుండును గనుక చిత్రము ఆ నిమిషముననే వచ్చును. రెండు దినములకును రానిచో ఆ చీర ఎచ్చట నున్నదో, ఎవరి కొట్టులో నున్నదో, అడిగినవారు ఊహించుకొనవచ్చును.